రాత్రంతా ఛార్జింగ్ పెడితే ఏమవుతుంది?

మన హాస్టల్లో రెండు విషయాల మీద అభిప్రాయం లేని మనిషి కనపడడు. ఒకటి సినిమా, రెండోది సెల్‌ఫోను బ్యాటరీ. సినిమా సంగతి వదిలేద్దాం, ఎవరి అభిరుచి వారిది. బ్యాటరీ అలా కాదు. అది రసాయనశాస్త్రానికి లోబడిన వస్తువు. మనం ఎంత గట్టిగా వాదించినా దాని స్వభావం మారదు. అయినా రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుంటే ఒకడు "పూర్తిగా అయిపోయేదాకా ఆగి అప్పుడే ఛార్జింగ్ పెట్టాలిరా" అంటాడు. ఇంకొకడు "పెద్ద ఛార్జర్ పెడితే చిన్న ఫోను కాలిపోద్ది" అంటాడు. మూడోవాడికి వాళ్ళ అన్నయ్య చెప్పాడు గనక అది వేదవాక్కు.

ఈ సంచికకి సైన్సు వ్యాసం ఒకటి కావాలని సంఘం మిత్రులు అడిగినప్పుడు కృష్ణబిలాల గురించి రాద్దామా అని మొదట అనుకున్నాను. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు ఉన్నారు. పైగా కృష్ణబిలం వల్ల మా ఊళ్ళో ఎవరికీ ఇంతవరకు నష్టం జరగలేదు. ఫోనుల వల్ల జరిగింది. మాది పల్నాడు, మిరప పండించే కుటుంబం. మా నాన్నకి ఫోను షోకు వస్తువు కాదు. పొలంలో బోరు మోటారు ఆన్ చేసేది, ఆఫ్ చేసేది దాంతోనే. ఈ-క్రాప్ నమోదుకీ, బ్యాంకు ఓటీపీకీ, నా స్కాలర్‌షిప్పు సంగతి కనుక్కోడానికీ అదే ఆధారం. అది పాడైతే కొత్తదానికి పదో పన్నెండో వేలు. అంచేత ఈ చిన్న వస్తువుల గురించి నాలుగు మాటలు నిజంగా ఎట్లా ఉన్నాయో రాస్తాను.

ముందుగా, "పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి" అనే మాట. ఇది అబద్ధం కాదు, కాలం చెల్లిన నిజం. వెనకటి కార్డ్‌లెస్ ఫోనుల్లో, తొలినాటి సెల్‌ఫోనుల్లో నికెల్-కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. వాటిని పదేపదే సగంలో ఛార్జి చేస్తుంటే అవి ఆ సగానికే అలవాటుపడినట్టు ప్రవర్తించేవి. దాన్నే మెమరీ ఎఫెక్ట్ అన్నారు. ఇప్పుడు మన జేబుల్లో ఉన్నవి లిథియం-అయాన్ బ్యాటరీలు. వీటిని 1991లో సోనీ సంస్థ మొదటిసారి వ్యాపారపరంగా విడుదల చేసింది. వీటి వెనక ఉన్న పరిశోధనకే 2019లో జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గుడెనఫ్‌గారికి అప్పటికి 97 ఏళ్ళు. ఈ రకానికి ఆ పాత జబ్బు లేదు. పైగా, అడుగంటా ఖాళీ చేయడమే దీనికి కష్టం. నలభై శాతం దగ్గర కాసేపు, అరవై దగ్గర కాసేపు ఛార్జింగ్ పెట్టుకున్నా ఏమీ కాదు.

మరి నూరు శాతం నింపితే? ఇక్కడ కొంచెం లోపలికి వెళ్ళాలి. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ఒక పలక నుంచి బయలుదేరి, మధ్యలోని ద్రావణం గుండా ప్రయాణించి, రెండో పలకలోని గ్రాఫైట్ పొరల మధ్యకి దూరతాయి. గుంటూరు యార్డుకి మిరపకాయలు పంపేటప్పుడు టిక్కీలు తొక్కడం చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. మొదట గంపలకి గంపలు పోస్తారు, చకచకా నిండుతుంది. సగం దాటాక మనిషి లోపలికి దిగి తొక్కాలి. చివర్లో గుప్పెడు గుప్పెడు కూరుతారు, బస్తా బిగుసుకుపోతుంది. బ్యాటరీ కూడా అంతే. మొదట ఛార్జర్ స్థిరమైన కరెంటు పంపుతుంది, శాతాలు గబగబా పెరుగుతాయి. సెల్లు వోల్టేజి 4.2 దగ్గరికి వచ్చాక (కొన్ని కొత్త రకాల్లో 4.4 దాకా) వోల్టేజిని అక్కడే నిలబెట్టి కరెంటు తగ్గించుకుంటూ పోతారు. ఎనభై దాటాక ఛార్జింగ్ నత్తనడక నడవడానికి కారణం ఇదే. ఫోను చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు.

నూరు నిండాక ఫోనులోని సర్క్యూటు కరెంటు తీసుకోవడం ఆపేస్తుంది. అంచేత రాత్రంతా ప్లగ్గులో ఉంచితే "ఎక్కువై పేలిపోతుంది" అనేది సరికాదు. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోనులు అంటుకుని కంపెనీ అన్నిటినీ వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడు జనవరిలో వాళ్ళు ప్రకటించిన కారణం కూడా రాత్రి ఛార్జింగ్ కాదు, బ్యాటరీ తయారీలోనే లోపాలు. అయితే రాత్రి ఛార్జింగ్‌కి ఏ ఖర్చూ లేదని కాదు. నిండా బిగిసిన స్థితిలో, అందునా వేడిగా, గంటల తరబడి ఉంటే లోపలి ద్రావణం మెల్లమెల్లగా పలకలతో చర్య జరిపి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. అందుకే ఇప్పుడు చాలా ఫోనుల్లో ఎనభై శాతం దగ్గర ఆపే సదుపాయం పెడుతున్నారు. సెట్టింగుల్లో బ్యాటరీ అన్నచోట వెతికితే దొరుకుతుంది. ఉదయం లేవగానే నూరు చూడకపోతే కొందరికి మనసు కుదురుగా ఉండదు, అది వేరే సంగతి.

అసలు శత్రువు వేడి. ఆపిల్ సంస్థ తన ఫోనుల గురించి చెబుతూ, పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని హెచ్చరించింది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మా వైపు రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో ఆ 35 డిగ్రీలు మాకు తెల్లవారిన కాసేపటికే వచ్చేస్తాయి. మా నాన్న ఫోను ట్రాక్టరు మీద, ఎండలో, నల్లటి కవరులో ఉండేది. పోయిన వేసవి సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి దాని వెనక మూత పైకి లేచి ఉంది. మా నాన్న దానికి రబ్బరు బ్యాండు చుట్టి వాడుతున్నాడు. "మాట బానే వినపడతంది గదరా" అని ఆయన వాదన. రాత్రి దాన్ని ఛార్జింగ్‌కి పెట్టి తలగడ పక్కనే పెట్టుకు పడుకునేవాడు.

బ్యాటరీ ఉబ్బడం అంటే లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువులు పుట్టి సంచిలో చేరడం. ఆ సంచిలో పలకల్ని విడదీసే పొర చాలా పలుచన. ఉబ్బిన బ్యాటరీని నొక్కినా, వంచినా, సూదితో గాలి తీద్దామని పొడిచినా (నిజంగా అలా చేసేవాళ్ళున్నారు) ఆ పొర చినిగి రెండు పలకలూ కలుస్తాయి. అప్పుడు పుట్టే వేడి ఇంకొంత చర్యని రేపుతుంది, ఆ చర్య ఇంకొంత వేడిని పుట్టిస్తుంది. అంటుకుందంటే ఆర్పడం కష్టం. కనుక ఉబ్బినట్టు కనపడగానే ఛార్జింగ్ ఆపి, ఫోను కట్టేసి, తగలబడే వస్తువులకి దూరంగా పెట్టి, సర్వీసు కేంద్రంలో ఇవ్వాలి. చెత్తకుప్పలో వెయ్యకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారుల మీద ఉంది. మా నాన్న ఫోనుకి కొత్త బ్యాటరీ వేయించాం. కొత్త ఫోను ధరలో అది పదో వంతు కూడా కాలేదు. ఇప్పుడు ఫోను ట్రాక్టరు మీద కాదు, చెట్టు కింద అన్నం క్యారేజీ పక్కన ఉంటోంది.

ఇక ఛార్జర్ల సంగతి. "పెద్ద ఛార్జర్ పెడితే చిన్న ఫోను కాలిపోతుంది" అనేదానికి మా ఊరి కాలవే జవాబు. మేజరు కాలవలో ఎన్ని నీళ్ళు పారుతున్నా మన చేలోకి వచ్చేది మన తూము ఎంత తెరిస్తే అంతే. ఛార్జర్ మీద 65 వాట్లు అని ఉంటే అది ఇవ్వగలిగిన గరిష్ఠం. తీసుకునేది ఫోను ఇష్టం. కాలవలో నీటి మట్టం లాంటిది వోల్టేజి, అది మాత్రం సరిపడా ఉండాలి. ఇప్పటి టైప్-సి ఛార్జర్లు మొదట 5 వోల్టులే ఇస్తాయి. తర్వాత ఫోనూ ఛార్జరూ తీగలోంచి ఒకదాన్నొకటి పలకరించుకుని, రెండూ ఒప్పుకుంటేనే 9కో 15కో 20కో పెంచుకుంటాయి. లాప్‌టాప్‌కి 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు వెళితే గుణించుకోండి, 65 వాట్లు. అదే ఛార్జరుకి ఫోను తగిలిస్తే దానికి కావలసినంతే తీసుకుంటుంది. కొన్ని కంపెనీల ఎనభై వాట్ల వేగం మాత్రం వాళ్ళ ఛార్జరూ, వాళ్ళ తీగా రెండూ ఉంటేనే వస్తుంది. వేరేది పెడితే నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే.

భయపడవలసింది పెద్ద ఛార్జరుకి కాదు, మరీ చవక ఛార్జరుకి. దాని లోపల ఏముందో చూద్దాం. గోడలో వచ్చేది 230 వోల్టుల ఏసీ. దాన్ని డీసీ చేస్తే దాదాపు 325 వోల్టులవుతుంది. దాన్ని సెకనుకి వేలకొద్దీ, ఒక్కోసారి లక్ష దాటి, సార్లు తెంచి తెంచి చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మరులోకి పంపుతారు. పాతకాలపు అడాప్టర్లు సెకనుకి 50 సార్ల మీదనే పనిచేసేవి గనక వాటికి బరువైన ఇనప కోరు కావలసి వచ్చేది. వేగం పెరిగేకొద్దీ కోరు చిన్నదవుతుంది. "బరువుంటేనే మంచి ఛార్జర్" అనే మాట ఆ ఇనప కాలం నాటిది. ఇప్పుడు చూడవలసింది అటు 325 వోల్టులకీ ఇటు మన చేతిలోకి వచ్చే 5 వోల్టులకీ మధ్య ఎంత ఎడం ఉంది, చుట్ల మధ్య ఎన్ని పొరల ఇన్సులేషన్ ఉంది అని. చవక సరుకులో మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే. ఆ ఎడం తెగితే గోడలోని కరెంటు తీగ చివరిదాకా వస్తుంది. అప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్న మనిషి గతి ఏమిటి?

బయటినుంచి చూసి లోపల ఎంత ఎడం ఉందో చెప్పలేం. కానీ ఒక ఆనవాలుంది. మన దేశంలో అమ్మే అడాప్టర్లూ, పవర్ బ్యాంకులూ భారత ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు కావడం తప్పనిసరి. వాటి మీద ఆర్ అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. ఆ అంకెల్ని 'బి.ఐ.ఎస్. కేర్' అనే యాప్‌లో కొడితే అది ఏ కంపెనీ, ఏ వస్తువు కోసం తీసుకున్న నంబరో తేలుతుంది. అంకె లేకపోయినా, కొడితే వేరే పేరు వచ్చినా కొనవద్దు. బస్టాండులో కొన్నా సరే, పెద్ద షాపులో కొన్నా సరే, ఇది అర నిమిషం పని.

ఇంకొకటి చాలామంది అడిగారు: లోహపు లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటుంది, ఎందుకని? మంచి ఛార్జర్లలో కూడా రెండు వైపులకీ మధ్య రేడియో చికాకుల్ని అణచడానికి చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది. దాని గుండా మిల్లీ ఆంపియరులో చిన్న భాగమంత కరెంటు కారుతుంది. మూడు కాళ్ళ ప్లగ్గయి, ఎర్తు సరిగ్గా ఉంటే అది నేలలోకి పోతుంది. రెండు కాళ్ళదైతే, లేదా గోడలో మూడో రంధ్రం ఉత్త అలంకారమైతే, మన వేళ్ళమీదుగా పోతుంది. ప్రాణాపాయం లేదు. కానీ మూడు కాళ్ళ ప్లగ్గుతోనూ అలా జుమ్మంటే ఇంట్లో ఎర్తు సరిగ్గా లేదేమోనని అనుమానించాలి, గ్రైండరూ గీజరూ ఉన్న ఇంట్లో ఎర్తు లేకపోవడం ప్రాణాపాయమే. మా ఇంటి వెనక ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్తు గుంట ఉంది. వేసవిలో మా నాయనమ్మ తులసికోటకి నీళ్ళు పోసినట్టే దానిలోనూ రోజూ చెంబెడు పోస్తుంది. తడి ఉంటేనే నేల కరెంటుని బాగా తీసుకుంటుంది. ఆమె బడికి పోలేదు, అయినా మా వీధిలో ఎర్తు సంగతి సరిగ్గా తెలిసింది ఆమెకే.

తీగల గురించి క్లుప్తంగా. టైప్-సి అనేది మూతి ఆకారం పేరు, వేగం పేరు కాదు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు తీగల్లో ఒకటి సెకనుకి 480 మెగాబిట్లే మోయవచ్చు, ఇంకొకటి దానికి ఎన్నో రెట్లు. ఫోనుతో వచ్చే తీగలు ఎక్కువగా మొదటి రకం.

పవర్ బ్యాంకు మీద 10000 ఎమ్.ఎ.హెచ్. అని ఉంటుంది. మన ఫోనులో 5000. రెండుసార్లు నిండాలి గదా, నిండదేం? మోసం చేశారా? లేదు, లెక్కలో వోల్టులు మరిచిపోయాం. ఆ 10000 లోపలి సెల్లుది, సుమారు 3.7 వోల్టుల దగ్గర. గుణిస్తే 37 వాట్-అవర్లు. బయటికి 5 వోల్టులుగా ఇస్తుంది గనక 37ని 5తో భాగిస్తే 7400 అవుతుంది. మార్పిడిలో కొంత వేడిగా పోతుంది, ఫోను లోపల మళ్ళీ కొంత పోతుంది. ఒకసారి నిండా, రెండోసారి సగానికి లోపు వస్తే అది నిజాయితీ గల పవర్ బ్యాంకే. అడుగున సన్నటి అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని అసలు అంకె ఉంటుంది, అది చూసి కొనాలి.

పెన్‌డ్రైవ్ దగ్గర కూడా ఇలాంటి ఫిర్యాదే. 64 జీబీ అని కొంటే కంప్యూటరు 59.6 అని చూపిస్తుంది. మా ప్రాంతంలో ధాన్యం బస్తా 75 కిలోలు. ఎవరైనా బస్తా అంటే వంద కిలోలనుకుంటే నాలుగు బస్తాలు కొని ఒక బస్తా తగ్గిందని గోల పెట్టొచ్చు. ఇక్కడా అదే తంతు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ జీబీ అంటే 1024ని మూడుసార్లు వేసి గుణించినంత, అంటే 107 కోట్ల పైచిలుకు. రెంటికీ వేర్వేరు పేర్లుండాలని 1998లోనే అంతర్జాతీయ సంస్థ రెండోదానికి గిబీబైట్ అని నామకరణం చేసింది. విండోస్ మాత్రం పాత పేరే వాడుతోంది. ఆపిల్ వాళ్ళు 2009 నుంచి తమ కంప్యూటర్లలో వందకోట్ల లెక్కకి మారారు.

ఇది మోసం కాదు. అసలు మోసం ఎట్లా ఉంటుందో నా మిత్రుడొకడు చూశాడు. ఆదివారం సంతలో నాలుగు వందలకి రెండు టెరాబైట్ల పెన్‌డ్రైవ్ దొరికింది. కంప్యూటరుకి పెడితే రెండు టెరాబైట్లనే చూపించింది. నిరుటి యువజనోత్సవం ఫొటోలూ, వీడియోలూ అన్నీ దాంట్లోకి ఎక్కించి, ఫోనులో జాగా కోసం అక్కడ తుడిచేశాడు. ఈ సంచికలో నిరుటి నాటకం ఫొటో ఒక్కటీ ఎందుకు లేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆ పెన్‌డ్రైవ్ లోపల అసలు చిప్పు కొద్ది గిగాబైట్లదే. దాన్ని నడిపే కంట్రోలరుకి మాత్రం రెండు టెరాబైట్లని చెప్పమని నేర్పారు. నిండాక కొత్తది వస్తే పాతదాని మీదే రాసుకుంటుంది, లేదా గాల్లో కలిపేస్తుంది. ఫైళ్ళ పేర్ల పట్టిక మొదట్లోనే ఉంటుంది గనక పేర్లన్నీ చక్కగా కనపడతాయి. తెరిస్తే ఏమీ ఉండదు. దీన్ని పట్టుకునే దారి ఒక్కటే: చివరిదాకా నింపి, మళ్ళీ చదివి, సరిపోయిందా అని చూడటం. ఆ పని చేసే ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. కొనగానే ఒక రాత్రి ఆ పనికి వదిలేయండి.

సాఫ్ట్‌వేరు నమ్మకాల్లో రాణి 'రిఫ్రెష్'. కంప్యూటరు ముందు కూర్చోగానే ఖాళీ తెర మీద కుడి మీట నొక్కి నాలుగుసార్లు రిఫ్రెష్ కొట్టనివాడు మన ల్యాబులో లేడు. దేవుడికి దండం పెట్టుకోవడం లాంటిదే గాని దానివల్ల ర్యామ్ శుభ్రపడదు, వేగం పెరగదు. తెర మీది బొమ్మల జాబితాని అది మళ్ళీ గీస్తుంది, అంతే.

చివరగా పాత లాప్‌టాపులు. మనలో చాలామంది కొనేది సెకండ్ హ్యాండే. అమ్మేవాడు "ఐ ఫైవ్, ఎయిట్ జీబీ" అని పాడినట్టు చెబుతాడు. ఆ ఐ ఫైవ్ ఏ తరానిదో అడగాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 సాధారణంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అంతకు ముందుదైతే లినక్స్ వేసుకుని హాయిగా వాడుకోవచ్చు, ధర మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి. రెండోది, లోపల తిరిగే డిస్కా, ఎస్‌ఎస్‌డీనా అని. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కులో కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికే సగటున ఐదున్నర మిల్లీ సెకన్లు పడుతుంది, ముల్లు కదలడానికి పట్టే కాలం అదనం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు. చాలా పాత లాప్‌టాపుల నెమ్మదితనం ఈ ఒక్క భాగం మారిస్తే పోతుంది.

మూడోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్టు తెరిచి పవర్‌సిఎఫ్‌జి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక కాగితం తయారవుతుంది (అక్షరాలు ఇంగ్లీషులోనే కొట్టాలి సుమా). అందులో 'డిజైన్ కెపాసిటీ', 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' అని రెండు అంకెలుంటాయి. మొదటిది పుట్టినప్పటి బలం, రెండోది ఇప్పటిది. సంక్రాంతికి మా బాబాయి కొడుకు కోసం సికింద్రాబాద్ సి.టి.సి.లో ఒకటి చూశాం. పత్తి అమ్మిన డబ్బు మా బాబాయి చొక్కా లోపలి జేబులో ఉంది, ఆయన చెయ్యి దాని మీంచి తియ్యలేదు. దుకాణదారు "బ్యాటరీ కొత్తదే సార్, నాలుగు గంటలొస్తది" అన్నాడు. రిపోర్టు తీస్తే మొదటి అంకె 48,000, రెండోది 29,000. ఆయన ఆ కాగితం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా పదిహేను వందలు తగ్గించాడు. ఆ డబ్బుకి ఇంకొంత వేసి, అక్కడే ఎస్‌ఎస్‌డీ వేయించుకుని సాయంత్రం రైలెక్కాం.